రొట్టె ఎవరు కొట్టాలె?

రండి, కూర్చోండి. ఆ కుర్చీ వద్దు, దానికో కాలు కుంటి. ఈ నులక మంచం మీద కూర్చోండి. అనంతగిరి వైపు నుంచి గాలి తిరిగిందంటే మా పూడూరులో పొద్దుగూకకముందే చేతులు చంకల్లోకి పోతాయి. చాయ్ వస్తోంది. చక్కెర మీ గ్లాసులో ఉంటుంది, నా గ్లాసులో ఉండదు. అట్లా జాలిగా చూడకండి. మొదటి నెల నేనూ దాన్ని అట్లాగే చూశాను.

కిందటేడు ఇదే చలికాలంలో పట్నం పోయి రక్తం ఇచ్చి వచ్చాను. మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష ఒకటుంది కదా, అందులో ఎనిమిది దాటింది. డాక్టరు కుర్రవాడు, మా రెండోవాడి ఈడు. రిపోర్టు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "అంతా మీ చేతుల్లోనే ఉంది సార్" అన్నాడు. ముప్ఫై ఏళ్లు బడిలో పిల్లలకు నేను చెప్పిందీ ఇదే మాట. లెక్కల్లో పదిహేను మార్కులు తెచ్చుకున్నవాణ్ని నిలబెట్టి, నీ బతుకు నీ చేతుల్లోనే ఉందిరా అనేవాణ్ని. వాడు చేతులు వెనక్కి కట్టుకుని నేలచూపులు చూసేవాడు. ఆ రోజు నా చేతులూ వాటంతటవే వెనక్కి పోయాయి.

తిరుగు బస్సులో మంచి మంచి తీర్మానాలు చేశాను. అప్పా జంక్షన్ దాటితే మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు, దారి పొడుగునా మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు చేస్తే ఇవి పోతాయని పట్నపు పిల్లలు గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయిన చెట్లు ఇవే. మర్రికొక తీర్మానం చొప్పున నడిచింది బండి. చక్కెర బంద్. రాత్రి అన్నం బంద్. బజ్జీలవైపు కన్నెత్తి చూసేది లేదు. చేవెళ్ల దాటేసరికి మానెయ్యడానికి ఇంకేమీ మిగల్లేదు. మన్నెగూడ చౌరస్తాలో దిగాను. మూకుట్లో మిరపకాయ బజ్జీలు తేలుతున్నాయి. రేపటి సంది ఎట్లాగూ మానేస్త కదా అనుకుని నాలుగు తిన్నాను.

మీరు నవ్వుతున్నారు గానీ, మీకూ ఒక సోమవారమో, ఒకటో తారీఖో ఉండే ఉంటుంది. పథ్యానికి మంచిరోజు చూసేంత పట్టుగా మనం పెళ్లికి కూడా చూడం. అమావాస్య పోనీ అంటాం, సంక్రాంతి అరిసెలు అయిపోనీ అంటాం, ఈ పెళ్లిళ్ల సీజన్ దాటనీ అంటాం. ఈలోగా సీజను దాటుతుంది, మనం ఎక్కడివాళ్లం అక్కడే ఉంటాం.

మా అమ్మాయి ఒక నోటుబుక్కు కొని తెచ్చింది. "నాన్నా, తిన్నది తిన్నట్టు ఇందులో రాయి, ఎవరికీ చూపించకు, నీకోసమే" అంది. ఆ రోజు రాత్రి మొదటి పేజీలో తారీఖు వేసి, దస్తూరి చక్కగా కుదిరేట్టు "బజ్జీలు, రెండు" అని రాశాను. ఎవరూ చూడని పుస్తకంలో, నా చేత్తో నేనే, నాలుగింటిని రెండు చేశాను. దొంగ చిట్టా రాసే పటేళ్ల కథలు చిన్నప్పుడు చాలా విన్నాను కానీ, వాళ్లు కనీసం సర్కారును మోసం చేశారు.

నిజానికి ఇది నా మొదటి పథ్యం కాదు. తెలుగువాళ్ల ఇళ్లల్లో పథ్యాలకూ కాలాలున్నాయి, సినిమా పాటలకు ఉన్నట్టు. మంతెన సత్యనారాయణరాజు గారు టీవీలో ఉప్పూ నూనే లేని వంట చెబుతున్న రోజుల్లో మా ఇంట్లో ఉప్పు డబ్బా అటకెక్కింది. పదకొండో రోజు మధ్యాహ్నం నేను తొక్కు జాడీ దగ్గర దొరికిపోయాను. తర్వాత వీరమాచనేని రామకృష్ణ గారి కాలం వచ్చింది. అన్నం మానాలి, కొబ్బరినూనె తాగాలి, నిమ్మకాయలు పిండుకోవాలి. బస్సులో పక్కవాడి సంచిలో కూడా కొబ్బరినూనె సీసా కనిపించేది. బరువు తగ్గాను, ఆ మాట దాచను. మా అక్క కొడుకు పెళ్లిలో మూడు రోజుల్లో సగం తిరిగి ఎక్కించుకున్నాను, ఆ మాటా దాచను. ఆ పైన ఖాదర్ వలీ గారు. మన ప్రొద్దుటూరు ఆయనే, మైసూరులో స్థిరపడ్డాడు, 2023లో పద్మశ్రీ ఇచ్చారు. కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికెలు, ఊదలు. ఐదు డబ్బాలు కొని, ఐదు చీటీలు అంటించాను. ఇవాళ ఆ సామల డబ్బాలో శనగపప్పు ఉంది, ఊదల డబ్బాలో బట్టల సబ్బులున్నాయి. చీటీలు మాత్రం చెక్కు చెదరలేదు.

ఒకరు నూనె చుక్క వద్దంటారు, ఇంకొకరు నూనే మందు అంటారు. ఎవరు ఒప్పో తేల్చడం నా వల్ల కాదు, అది నా గొడవా కాదు. నా గొడవ ఏమిటంటే, మూడుసార్లూ నేను చేసిన పని ఒకటే. నా పొట్ట బరువు ఎత్తి ఒకసారి ఈయన భుజాన, ఒకసారి ఆయన భుజాన పెట్టాను. చెప్పింది చేస్తున్నాను కదా, ఇక పని ఆయనది అనుకున్నాను. పెళ్లి భోజనం ముందు కూర్చున్నప్పుడు పక్కన వాళ్లెవరూ ఉండరు.

మధ్యలో చిన్న పళ్లెం ముచ్చట ఒకటుంది. పళ్లెం చిన్నదైతే తిండి తగ్గుతుందని ఎక్కడో చదివి, చిన్న స్టీలు పళ్లెం కొన్నాను. పిల్లలకు పాలబువ్వ పెట్టేంత పళ్లెం. అందులో మూడుసార్లు వడ్డించుకున్నాను. ఇట్లాంటి గిన్నెల, పళ్లేల పరిశోధనలతో పేరు తెచ్చుకున్న అమెరికా ప్రొఫెసరు ఒకాయన ఉండేవాడు, బ్రయాన్ వాన్సింక్ అని, కార్నెల్ విశ్వవిద్యాలయంలో. అడుగున గొట్టం పెట్టి, తాగేకొద్దీ నిండే సూపు గిన్నెతో ప్రయోగం చేసి జనాన్ని నవ్వించాడు. చివరికి 2018లో ఆయన పరిశోధనల తీరులోనే తప్పులున్నాయని ఆ విశ్వవిద్యాలయమే తేల్చింది, పత్రాలు డజనుకు పైగా వెనక్కి తీసుకున్నారు. ఆ వార్త చదివిన రోజు నాకు కొంచెం ఊరట కలిగిందంటే మీరు నన్ను చెడ్డవాడనుకోరు కదా? పళ్లెం ఇప్పుడు దేవుడి గూట్లో ఉంది, అగరుబత్తీల బూడిద పడేందుకు.

ఇంత తిరిగి చివరికి మా ఊరి చేలలోకే వచ్చాను. మీరు వచ్చేటప్పుడు దారిలో చూసే ఉంటారు, కంది, జొన్న, మధ్యమధ్య పట్నం పోయే పూలూ కూరగాయలూ. ఇంకొంచెం ముందుకు, తాండూరు వైపు పోతే నల్లరేగడి, దాని కింద నాపరాయి. ఆ నేలలో పండిన కందిపప్పు రుచి వేరని 2022లో భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు. మేం చిన్నప్పటి నుంచి ఉత్త పప్పే అనుకుని తిన్నది అదే. జొన్న సంగతికి వస్తే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్లు 2017లో వేసిన పట్టికల్లో పాలిష్ బియ్యంలో పీచు 100 గ్రాములకు 3 గ్రాముల లోపు, జొన్నలో 10 గ్రాములు. నా నోటుబుక్కు వెనక అట్ట మీద ఈ రెండు అంకెలూ రాసుకున్నాను. ఆ రోజు సాయంత్రం ఇంట్లో ప్రకటించాను.

"రేపటి సంది నాకు రెండు పూటలా జొన్న రొట్టె."

మా ఇంటామె గిన్నెలు బోర్లిస్తోంది. తిరిగి చూడకుండానే అడిగింది.

"మంచిదే. ఎవరు కొట్టాలె?"

నేను తెలుగు కూడా చెప్పినవాణ్ని. నా ఆరోగ్యం నా బాధ్యత అనే వాక్యానికి కర్త నేనే, సందేహం లేదు. పని చేసేది మాత్రం ఆమె. ఈ వ్యాకరణం నాకు ఇన్నేళ్లూ తట్టలేదు. ఉప్పులేని సొరకాయ కూర వండింది ఆమె. కొబ్బరినూనెలో గుడ్లు వేయించింది ఆమె, నాకు వేరే, పిల్లలకు వేరే, అవ్వకు వేరే. సామలు రాత్రి నానబోసి పొద్దున గంజి కాచింది ఆమె. నేను చేసిందల్లా నిష్ఠగా తినడం, పదకొండో రోజున ఇంతే నిష్ఠగా మానెయ్యడం. పథ్యం చేసిన కీర్తి నాకు వచ్చింది, మూడు పొయ్యిల వంట ఆమెకు మిగిలింది. జొన్న రొట్టె అంటే కుక్కర్‌లో పోసి విజిల్ వినే పని కాదు. ఒక్కొక్కటే తట్టాలి, ఒక్కొక్కటే కాల్చాలి, అంతసేపూ పెంక ముందు సెగకు ఉండాలి. ఆమెకు మోకాళ్ల నొప్పులు.

అంతమాత్రాన ఇదంతా మగవాళ్ల సోమరితనం అని తేల్చేసి చాయ్ తాగేస్తే సరిపోదు, దీని వెనక కథ పెద్దది. మా అవ్వ, అంటే కన్నతల్లి, మా వైపు అవ్వ అంటే అమ్మే, ఆమెను అడిగితే చెబుతుంది. ఆమె కాపురానికి వచ్చినప్పుడు రోజూ జొన్న గట్క, జొన్న రొట్టె, పప్పుచారు, వెల్లిపాయ కారం. వరి బువ్వ పండుగనాడు, చుట్టాలు వచ్చిననాడు, జరం వచ్చిననాడు. "పెయ్యి ఎచ్చగైతే సంబురపడేటోళ్లం, బువ్వ పెడ్తరని" అంటుంది. 1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చాడు. మా ఇంటికి బియ్యం మూట వచ్చిన రోజు అవ్వ దాని ముందు దీపం పెట్టింది. ఇప్పుడు మనం కుర్చీలో కూర్చుని, ఆ బియ్యమే జొన్నను చంపిందంటాం. నిజమే కావచ్చు. కానీ జరం కోసం ఎదురుచూసిన నోటికి ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు. పోయినేడు, 2025 ఉగాదికి, రేషన్‌లో సన్నబియ్యమే మొదలైంది, మనిషికి ఆరు కిలోలు. ఇచ్చిన ముఖ్యమంత్రి మా జిల్లా కొడంగల్ ఎమ్మెల్యేనే. అవ్వకు ఇప్పుడు పళ్లు లేవు, సన్నబువ్వ మెత్తగా దిగుతుంది. ఆమె సంబరం ఆమెది.

విచిత్రం ఏమిటంటే, అదే 1983లో మా పక్కన జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో పి.వి. సతీష్ గారూ ఆయన మిత్రులూ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలుపెట్టారు. పేద ఆడవాళ్ల సంఘాలు. పడావు పడ్డ చెలకలు దున్ని జొన్నలు, కొర్రలు, పప్పులు పండించి, తొంభయ్యో దశకంలో ఊళ్లల్లోనే గింజల నిధి పెట్టి, బీదవాళ్లకు చవకగా జొన్నలు ఇచ్చారు. చౌక డిపోలో బియ్యం ఇస్తే, వీళ్లు తమ చౌక డిపోను జొన్నలతో తామే పెట్టుకున్నారన్నమాట. 2019లో ఐక్యరాజ్య సమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి వచ్చింది. సతీష్ గారు 2023 మార్చిలో పోయారు. చిరుధాన్యాల అంతర్జాతీయ సంవత్సరం అని ప్రపంచమంతా పండగ చేసుకుంటున్న ఏడు అది. నేను వాళ్లను తలుచుకునేది ఎందుకంటే, అక్కడ ఏ ఒక్క ఆడమనిషీ గోడ మీద "నేను మారాలి" అని రాసుకోలేదు. విత్తనం దగ్గర్నుంచి పొయ్యి దాకా నలుగురి చేతులు పడ్డాయి. నేనేమో ఒక్కణ్నే మన్నెగూడ చౌరస్తాలో బజ్జీల మూకుడు ముందు నిలబడి నా మనోబలం పరీక్షించుకుంటున్నాను.

అట్లాగని జొన్నను దేవతను చెయ్యకండి. తార్నాక సంస్థ చరిత్రే ఒక తమాషా. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు ఆరా తీసే చిన్న గదిగా మొదలైంది. బెరిబెరి అంటే పాలిష్ పట్టిన బియ్యమే తినేవాళ్లకు వచ్చే జబ్బు. 1958లో హైదరాబాద్ వచ్చాక వాళ్లకు ఇక్కడ ఎదురైంది ఇంకో జబ్బు, పెల్లాగ్రా. ఎండ తగిలే చోట, మెడ చుట్టూ, చేతుల మీద, చర్మం నల్లబడి పొరలు లేస్తుంది. ఎవరికి వస్తోందని చూస్తే జొన్న తప్ప వేరే దిక్కులేని మన దక్కన్ బీదవాళ్లకు. జొన్నలో లూసిన్ అనే పదార్థం ఎక్కువ కావడమే దీనికి కారణం కావచ్చని గోపాలన్, శ్రీకాంతియా 1960లో రాశారు. అంటే ఉత్త బియ్యమూ జబ్బే, ఉత్త జొన్నా జబ్బే. పక్కన పప్పు ఉండాలి, ఆకుకూర ఉండాలి, దొరికితే గుడ్డు ఉండాలి. అవ్వ వాళ్ల కాలంలో చేల గట్ల మీద గంగవాయిలి, పొన్నగంటి, పుంటికూర దొరికేవి కాబట్టి కొందరు గట్టెక్కారు. ఇప్పుడు ఆ గట్లకు కలుపు మందు కొడుతున్నాం.

అదే సంస్థ 2024 మేలో మన తిండికి 17 సూత్రాలు వేసింది. రోజుకు 2,000 కేలరీల లెక్కన ధాన్యం 250 గ్రాములు చాలట, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములట, పప్పులో, గుడ్లో, మాంసమో కలిపి 85. నేను తక్కెడ తెచ్చి తూచాను. ఒక్క మధ్యాహ్నానికే నాకు 200 గ్రాముల బియ్యం పోతోంది. కూర మాత్రం గరిటెడు. మాకు కూర అన్నంలోకి నంజుడు. వాళ్ల లెక్కలో దాదాపు అన్నమే కూరలోకి నంజుడు. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని 2023లో లెక్క తేలింది, ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది గుమ్మంలో ఉన్నారు. ఇంతమందికీ ఒకేసారి మనోబలం సన్నగిల్లిందని నేను నమ్మను. అయినా ఆ నాలుగు బజ్జీలు తిన్నది దేశం కాదు కదా, నేను. ఈ రెండు మాటల మధ్య ఊగుతూ రెండు వారాలు గడిపాను.

చివరికి గిర్నీకి నేనే పోయాను. రెండు కిలోలు మాత్రమే పట్టించాను, ఎక్కువైతే పిండి పాతబడి రొట్టె విరుగుతుందని అవ్వ చెప్పింది. జొన్నకు గోధుమలా సాగే గుణం లేదు, అందుకని మసిలే నీళ్లు పోసి కలపాలి, వేళ్లు కాలుతుండగానే పిసకాలి. ఆరనిస్తే పని చెడుతుంది. అవ్వ స్టూలు వేసుకుని పక్కన కూర్చుంది. మా ఇంటామె తలుపుకు ఆనుకుని నిలబడింది, సినిమా చూస్తున్నట్టు.

మొదటి రొట్టె పీట మీదనే మూడు ముక్కలైంది. రెండోది పీట నుంచి లేవలేదు. మూడోది లేచింది, పెంక దాకా పోయే దారిలో మధ్యకు చీలింది. "గట్ల కొడ్తే అది గొడ్డు కాదు కొడుకా, రొట్టె" అంది అవ్వ. "అరచెయ్యి కాదు, వేళ్లు. తడుతుంటె అదే తిరగాలె, నువ్వు తిప్పొద్దు." ఆమె వణికే చెయ్యి చాపి, నా ముద్ద లాక్కుని, పొడిపిండి చల్లిన పీట మీద పెట్టి తట్టింది. తప్ తప్ తప్. ఎనభై నాలుగేళ్ల చెయ్యి, చాయ్ గ్లాసు పట్టుకుంటే వణికేది, పిండి మీద వణకలేదు. రొట్టె గుండ్రంగా, తనంతట తానే, గడియారం ముల్లులా తిరుగుతూ పెద్దదైంది. పెంక మీద వేసి, పైన తడిచెయ్యి రాసి, ఆ తడి ఆరగానే తిరగేసి, చివరికి నిప్పు మీద పెడితే పూరీలా ఉబ్బింది. మా ఇంటామె నవ్వింది.

ఇప్పుడు ఏడాది అయింది. నేను ఆరు రొట్టెలు కొడితే నాలుగు నిలుస్తాయి. గుండ్రం మాత్రం రాదు, తాండూరు బండలా ఏ మూలకా మూల ఉంటుంది. రాత్రికి నాకు రెండు, మా ఇంటామెకు ఒకటి, ఒక్కోసారి మీలాంటివాళ్లకు. ఆకుకూర కడగడం కూడా నాకు వచ్చింది, ఏడు నీళ్లు పట్టే మన్ను ఆ పాలకూరలో ఎక్కడుంటుందో తెలుసుకున్నాను. ఒక గమ్మత్తు చెప్పనా? నా చేత్తో కొట్టిన రొట్టె మూడోది తినాలనిపించదు. రుచి లేక కాదు. అది కొట్టడానికి ఎంతసేపు పట్టిందో వేళ్లకు తెలుసు. ఆ షుగర్ పరీక్షలో అంకె ఇప్పుడు ఏడుకు కొంచెం పైన ఉంది. డాక్టరు కుర్రవాడు ఏం చేశారని అడిగితే చేతులు చూపించాను. అతనికి అర్థం కాలేదు, మందులు అట్లాగే వేసుకోమన్నాడు. వేసుకుంటున్నాను. మీరెవరైనా నా మాట విని మందులు మానేరు సుమా.

నిన్నటి సంగతి చెప్పి ముగిస్తాను, మీ చాయ్ చల్లారుతోంది. నిన్న విరిగిన రొట్టె ముక్కలు గిన్నెలో మిగిలాయి. అవ్వ గిన్నె దగ్గరికి లాక్కుంది. వేడి ముక్కల్ని వేళ్లతో నలిపి, బెల్లం చిదిమి, నెయ్యి చుక్కలు వేసి మలీద చేసింది. బతుకమ్మకు చేసే మలీద. ఇల్లంతా వాసన. తను ఒక ముద్ద నోట్లో వేసుకుని చప్పరిస్తూ, రెండో ముద్ద నా వైపు చాపింది.

"అవ్వా, బెల్లం. నాకు షుగరు."

"ఎరుకనే. గింత ముద్దకేమైతది. ఆ అను."

ఆ అన్నాను.

రాత్రి నోటుబుక్కు తీసి "రొట్టెలు, రెండు" అని రాశాను. పాలకూర పప్పు రాశాను. పెన్ను మూత పెట్టబోయి, కాసేపు అట్లాగే కూర్చుని, మళ్లీ తీసి కింద ఇంకో వరుస రాశాను.

"మలీద, ఒక ముద్ద. పెద్దదే."